సుగుణ మేడం కుడిపక్క చోటు

మొన్న శుక్రవారం సాయంత్రం బడి ముగించుకొని మహబూబాబాద్ బస్సు ఎక్కితే వెనక సీట్లోంచి వేయించిన తవుడు వాసన వచ్చింది. తవుడులో పల్లి చెక్క పొడి, చిటికెడు పసుపు కలిపి, నీళ్లతో ముద్ద చేసి, ఒక పూట మూతపెట్టి ఉంచితే వచ్చే పులిసిన తియ్యని వాసన అది. తెలియనివాళ్లు పశువుల దాణా అనుకుంటారు. అది చేపల ఎర అని నేను వెనక్కి తిరగకుండానే గుర్తుపట్టాను. ఇద్దరు యువకులు కూర్చొని ఉన్నారు. కిటికీకి ఆనించిన గాలం కట్టెలు బస్సు కుదుపుకు ఒకదానికొకటి తగులుతున్నాయి. శని, ఆది, సోమ వరుసగా సెలవులు. "పాకాల పోదాంరా" అని ఒకడు, "లక్నవరమే మంచిగుంటది" అని ఇంకొకడు వాదించుకుంటున్నారు. ఎర కలిపాక చెరువును ఎంచుకుంటున్నారు! సుగుణ మేడం వింటే పకపకా నవ్వేవారు. ఆ నవ్వు గుర్తొచ్చేసరికి సంతోషం కలగాలి కదా. నాకు మాత్రం గుండెలో ఎవరో గిల్లినట్టయింది. ఎందుకంటే మేడం గుర్తొస్తే ఆమె పక్కన కూర్చున్న రజిత కూడా గుర్తొస్తుంది. ఇన్నేళ్లయినా నా జ్ఞాపకంలో మేడం నాకు ఒంటరిగా దొరకరు.

మాది జనగామ దగ్గర పల్లె. మా నాయిన అక్కడి సంఘానికి పాస్టర్. అన్నం ముందుకు రావాలంటే ఒక బైబిల్ వాక్యం అప్పజెప్పాలన్న ఇంట్లో పెరిగాను. నర్సింహులపేటలో టీచరుగా చేరేనాటికి నాకు లేఖనాలు చాలా వరకు కంఠతా వచ్చు, పాఠం చెప్పడం మాత్రం రాదు. అక్కడ సుగుణ మేడం హెడ్మాస్టరు. భూపాలపల్లి దగ్గర గణపురం ఆమె ఊరు, పెద్ద చెరువు ఒడ్డున ఉన్న ఊరు. వాళ్ల బాపు ఆ చెరువులో చేపలు పట్టి బతికిన మనిషి. కొడుకులు ఉండి కూడా ఆయన గాలం పట్టడం కూతురికే నేర్పాడట. "మా అన్నదమ్ములకు కూసునే ఓపిక లేకుండె. నాకు ఇంట్ల పని తప్పించుకునుడు కావాలె. గట్ల కుదిరింది మాకు," అనేవారు మేడం. మూడు రోజుల సెలవు వస్తే చాలు, తోటి టీచర్లను ఇద్దరినో ముగ్గురినో వెంటబెట్టుకొని గణపురం వెళ్లి గట్టు మీద కూర్చునేవారు. ఆడవాళ్లు గాలం పట్టుకొని కూర్చోవడం చూసి కొందరు నవ్వేవాళ్లు, చేప పడగానే నోరు మూసుకునేవాళ్లు.

ఆ ప్రయాణానికి ఏర్పాట్లు చేసే పనిని మేడం నాకు అప్పగించారు. మొదటిసారి నేను బస్సు వేళలు తెలుసుకొని వెళ్లి చెబుతుంటే మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టారు.

"ముందుగాల బస్సును అడగకు సువార్తా. చేపను అడుగు."

"చేపను ఏమడుగుత మేడం?"

"ఎప్పుడు తింటవే అని అడుగు. తెల్లారంగ తింటది. అంటే మనం చీకటి ఉండంగనే గట్టు మీద ఉండాలె. అంటే ఆ రాత్రి గణపురంలనే పండాలె. అంటే పొద్దూకకముందే ములుగు దాటాలె. గట్ల ఎనకకు వచ్చుకుంట వచ్చుకుంట రా, బస్సు దానంతటదే దొరుకుతది. కదలనిది ఏందో ముందుగాల పట్టుకో, కదిలేటివన్ని దానికి సర్దు."

మరుసటి వారం నా తరగతిలో వెనక బెంచీలో కూర్చొని నేను భాగహారం చెప్పడం చూశారు. బయటికి వచ్చాక, "నువ్వు సుత బస్సు కాడికెల్లే మొదలువెట్టినవ్. పిల్ల యాడ ఆగిపోయిందో అక్కడికెల్లి ఎనకకు రా," అన్నారు. శిక్షణ తరగతుల్లో ఎవరూ నాకు చెప్పని మాట అది. ఆ రోజు నుంచి నేను పాఠం ముందు పిల్లల్ని అడగడం మొదలుపెట్టాను. నేను టీచరునయ్యానంటే ఆ ఒక్క మాట వల్లే.

కానీ మూడు రోజుల సెలవు అంటేనే అందులో ఆదివారం ఉంటుంది. మేడం లెక్కలో కదలనిది చేప. నా లెక్కలో కదలనిది ఆరాధన. కాబట్టి ఏ బస్సు ఎక్కాలో, నర్సంపేటలో ఎక్కడ టీ తాగాలో, ఎవరు ఏం వండి తేవాలో అన్నీ నేనే కుదిర్చేదాన్ని, వెళ్లేది మాత్రం రజిత. రజిత నాకంటే తర్వాత చేరిన తెలుగు టీచరు. నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. నాకు ఆమె చేసిన అపకారం ఏదీ లేదు, అది ఇంకా కష్టం. మంగళవారం ఎండకు కమిలిన ముఖంతో స్టాఫ్ రూములోకి వచ్చి, "అక్కా, నువ్వు చెప్పిన బస్సు టంచన్‌గ వచ్చింది," అని మొదలుపెట్టి, "మేడం గురక వెడ్తరు, ఎర్కనా నీకు? గోడలు అదురుతయ్!" అని నవ్వేది. మేడం కూడా నవ్వుతూ, "నువ్వేం తక్కువనా పిల్లా, నిద్రల తంతవ్," అనేవారు. మేడం గురక పెడతారని నాకు తెలియదు. ఒక మనిషి గురక గురించి కూడా అసూయ పడవచ్చని అంతకుముందు నాకు తెలియదు. లేఖనాల్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు. ప్రభువు ఇంటికి వస్తే ఒకతె వంటపనిలో చెమటలు కక్కుతుంటే ఇంకొకతె ఆయన పాదాల దగ్గర కూర్చుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ కథ చెప్పినప్పుడల్లా కూర్చున్న చెల్లెలిదే సరైన పని అని వల్లించాను. వంటింట్లో ఉన్న అక్కకు పొయ్యి సెగ కంటే ఏది ఎక్కువ మండిందో నాకు స్టాఫ్ రూములో అర్థమైంది.

మోకరించి ప్రార్థించేదాన్ని. దేవుడు తన ప్రజల విషయంలో రోషం గలవాడని, తనకు రావలసిన ప్రేమను ఇంకొకరికి పంచనివ్వడని మా నాయిన బోధించేవాడు. "ప్రభువా, నీకు తెలిసిన మంటే కదా ఇది, నన్నెందుకు తప్పు పడతావు?" అని వాదించిన రోజులు ఉన్నాయి. ఒకరోజు అలా వాదిస్తుండగానే ఒక ఆలోచన వచ్చింది. ఆరాధన కదలకూడదు, నిజమే. కానీ ఆరాధన జనగామలోనో మహబూబాబాద్‌లోనో మాత్రమే జరుగుతుందా? మా నాయినకు ఫోన్ చేసి అడిగితే గణపురంలో కూడా విశ్వాసులు ఉన్నారని, ఒక ఇంటి ముందు రేకుల షెడ్డులో కూడుకుంటారని చెప్పాడు. మరుసటి రోజు మేడంకు చెప్పాను.

"ఈసారి నేను సుత వస్త మేడం. ఆదివారం ఒక పూట ఆడనే మా వాళ్ల కాడికి పోయి వస్త."

మేడం బల్ల మీద అరచేత్తో కొట్టారు. "ఇగ చూడు! ఎనకకు లెక్కవెట్టుడంటే గిదే. రజితా, నీ గాలానికి పోటీ వస్తున్నది మల్ల."

"రానీ మేడం, ముందు ఎర్రను పట్టుకోనీ అక్కను," అంది రజిత. వానపాము పేరు వింటేనే నేను కుర్చీ మీద కాళ్లు పైకి పెట్టుకుంటానని బడి మొత్తానికి తెలుసు.

అంత శ్రద్ధగా నేను జీవితంలో ఏ ఏర్పాటూ చేసుకోలేదు. ఎర నేనే వేయించాను. శనివారం సాయంత్రానికి ముగ్గురం గణపురం చేరి చెరువు గట్టు ఎక్కాం. గాలి నీళ్ల మీంచి చల్లగా తగిలింది. ఆ నీళ్లు చూడగానే మేడం నడక మారిపోయింది, బడిలో ఎప్పుడూ చూడని నడక. నాకు అప్పటివరకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఆ సాయంత్రమే తెలిసింది. గాలం వేయడానికి ముందురోజు సాయంత్రం గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. కాయ కొట్టినవాళ్లు ఆ ప్రయాణమంతా పెద్ద గాలం పట్టినవాళ్లకు కుడిపక్కన కూర్చుంటారు, తాడు విడవడం, లాగడం వాళ్లకే నేర్పుతారు. అది మేడం బాపు పెట్టిన పద్ధతి. మిగిలినవాళ్లు గట్టు మీద ఎక్కడైనా కూర్చోవచ్చు. వచ్చిన ప్రతిసారీ కాయ కొట్టింది రజితేనట. ఆ రోజు కూడా అలవాటుగా చెయ్యి చాపింది. మేడం ఆమెను దాటి వచ్చి కాయ నా ముందు పెట్టారు.

"ఈసారి నువ్వు కొట్టు సువార్తా."

రజిత ముఖం చూశాను. దీపం వత్తి తగ్గించినట్టు అయిపోయింది. ఆ ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, పరలోకం గట్టు మీదికి దిగినట్టే ఉంది నాకు. ఇన్నేళ్లు నాకు కావలసింది అదే, నా చేతికి జానెడు దూరంలో ఉంది. తడి పీచు, దాని మీద మేడం వేళ్లు, వేళ్లకు అంటిన పసుపు. కానీ ఆ కాయ ఎవరి పేరున కొట్టాలో నాకు తెలుసు. నా దేవునికి తప్ప ఇంకెవరికీ నేను మొక్కలేను. నా చేతులు నేను చెప్పకుండానే వెనక్కి వెళ్లి కట్టుకున్నాయి.

"నేను కొట్టలేను మేడం," అన్నాను.

"తేండ్రి మేడం, నేను కొడ్త," అంటూ రజిత కాయ అందుకుంది. ఒక్క దెబ్బకు రెండు చెక్కలైంది.

తెల్లవారి వాళ్లిద్దరూ చీకట్లోనే గట్టుకు వెళ్లారు. నేను స్నానం చేసి రేకుల షెడ్డుకు వెళ్లాను. ఆ చిన్న సంఘం నన్ను తమ బిడ్డలా ముందు వరుసలో కూర్చోబెట్టింది. వాళ్లు పాడిన పాటలన్నీ నాకు వచ్చినవే. పెదవులు పాడుతున్నాయి, లోపల మాత్రం నీళ్ల మీద గాలానికి కట్టిన బెండు మునిగి తేలుతోంది, దాని పక్కన రజిత చెయ్యి, ఆ చేతి మీద మేడం చెయ్యి. దేవుని కోసం వదులుకున్న దాన్ని దేవుని సన్నిధిలో కూర్చొని లెక్కపెట్టుకోవడం కంటే దారిద్ర్యం ఏముంటుంది? కానుక ఇచ్చాక కూడా చెయ్యి మూసుకునే ఉన్నట్టు అనిపించింది.

మధ్యాహ్నం తిరిగి వెళ్లేసరికి రజిత ఎదురొచ్చి, "అక్కా! రవ్వ చేప వడ్డది! గింత పెద్దది!" అని రెండు చేతులు చాపింది. ఆ చేతులకు తాడు కోసిన గీతలు ఉన్నాయి. ఆ గీతలు కూడా నాకు కావాలనిపించింది. ఆ చేపనే కూర వండారు. అంత రుచైన చేపల కూర నేను మళ్లీ తినలేదు. గొంతులో ముల్లు గుచ్చుకున్నా బాగుండు, ఏదో ఒక వంక దొరికేది అనుకుంటూ రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

సాయంత్రం రజిత నిద్రపోయింది. మేడం పెరట్లో గిన్నెలు తోముతుంటే నేను నీళ్లు పోస్తున్నాను. ముందు ఆమే అడిగారు.

"అలిగినవా?"

"లేదు మేడం."

"అబద్ధమాడితే మీ దేవుడు ఒప్పుకుంటడా?"

నవ్వు రాలేదు నాకు. "నేను కొట్టనని మీకు ఎర్కనే గదా మేడం. అయినా ఎందుకు అడిగిన్రు?"

మేడం బూడిద చేతుల్తోనే నా వైపు తిరిగారు. "ఎర్కనే. నువ్వు ముట్టవని బస్సులనే అనుకున్న. గని అడగకపోతే నిన్ను మనుషులల్ల లెక్కపెట్టనట్టు అయితది గద. వద్దనుడు నీ పని. అడుగుడు నా పని. నువ్వు వద్దంటవని నా పని నేను ఇడిసిపెడ్తనా?" తోమిన గిన్నె నా ముందు పెట్టి మళ్లీ అన్నారు. "నిన్న నువ్వు కాయ పట్టుకుంటే, నాకోసం పట్టుకున్నవని సంబురపడేదాన్నే. గని రేపటి సంది నీ మాట నమ్మకపోదును."

సోమవారం వాన కుమ్మరించింది. చెరువు వైపు పోవడానికే లేకపోయింది, తడిసిన బట్టలతో బస్సెక్కి వచ్చేశాం. ఆ వేసవిలో మేడం రిటైరై గణపురం వెళ్లిపోయారు. మళ్లీ మూడు రోజుల సెలవులు కలిసి వచ్చేలోపే జబ్బు చేసి కన్నుమూశారు. ఆమె గాలం కట్టె ఇప్పుడు రజిత దగ్గర ఉంది. ఎవరు ఇచ్చారని నేను అడగలేదు.

ఇప్పుడు నేను కూడా ఒక బడికి హెడ్మాస్టరును. విహారయాత్రకు రాలేరని తెలిసిన టీచరును కూడా పిలుస్తాను. బడికి ఎన్నడూ రాని తండ్రికి కూడా ప్రతి సమావేశానికీ కబురు పంపుతాను. వాళ్లు వద్దంటారు. నేను మళ్లీ అడుగుతాను. ఇది మేడం నాకు ఒక్కదానికే పెరట్లో ఇచ్చిన పాఠం అని, రజిత దగ్గర చేపలున్నా ఇది లేదని లోలోపల దాచుకున్నాను. నా మందసం పెట్టెలో ఉన్నది ఇదొక్కటే.

మొన్న బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే రజిత ఫోన్ చేసింది. కొత్త టీచర్లను ఇద్దరిని తీసుకొని గణపురం వెళుతోందట.

"అక్కా, నువ్వు సుత వస్తవా? కాయ నువ్వే కొట్టు."

"కొట్టనని నీకు తెల్వదా రజితా?"

"తెలుసు. నువ్వు వద్దంటవ్. అడుగుడు నా పని గద."

రోడ్డు మీద నిలబడిపోయాను. మేడం ఈ మాట ఆమెకు కూడా చెప్పారు! ఎప్పుడు చెప్పారు, నాకంటే ముందా, తర్వాతా? ప్రభువా, ఇది కూడానా అనుకున్నాను. అడగలేదు. అడిగితే జవాబు భరించలేను.

"రాను," అన్నాను. ఫోన్ పెట్టేయబోయి, నాకు తెలియకుండానే, "సోమవారం సాయంత్రం వచ్చేస్తవ్ గదా, మా సంఘంల కూడిక ఉంది, వస్తవా?" అని అడిగాను.

అవతల రజిత గట్టిగా నవ్వింది. "నేను సుత రాను అక్కా. గని అడుగుడు మాత్రం బంద్ వెట్టకు."