మోకాళ్ళ మీద నడిపే పడవ

మొన్న డ్యూటీ దిగి ఆసుపత్రి వెనక గేటులోంచి బయటికి వస్తుంటే, తోటపనివాళ్ళు గడ్డి కోసే యంత్రానికి తాడు లాగుతున్నారు. రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది. నీలంగా పొగ గుప్పుమంది. ఆయిల్ కలిపిన పెట్రోలు కాలిన వాసన. పక్కనున్న సిస్టర్లు ముక్కులు మూసుకుని బస్సెక్కేశారు. నేను మాత్రం అక్కడే నిలబడి ఆ వాసనను గుండెల నిండా పీల్చుకున్నాను. "ఏంటక్కా, కళ్ళు తిరుగుతున్నాయా?" అని కిటికీలోంచి ఒక పిల్ల అడిగింది. తిరుగుతున్నవి కళ్ళు కావు. ఆ వాసన తగిలితే నాకు మల్లేశన్న గుర్తొస్తాడు. ఆయనెవరో, ఒక నర్సును తీసుకెళ్ళి పందెపు పడవ ఎలా ఎక్కించాడో చెప్పాలంటే ముందు ఆయన అరచేతికి పడ్డ కోత గురించి చెప్పాలి.

అవి మాస్కుల రోజులు. 2021 మొదట్లో గల్ఫ్‌లో, మఫ్రఖ్ దగ్గర ఒక ఆసుపత్రిలో నేను గాయాలకు కట్లు కట్టే గదిలో పనిచేసేదాన్ని. ఒక మధ్యాహ్నం యాభై దాటిన మనిషి ఒకడు, ఎడమకాలు వంచకుండా ఈడుస్తూ, అరచేతికి నూనె గుడ్డ చుట్టుకుని వచ్చాడు. కాగితం మీద మల్లేశం అని పేరు చూసి, తెలుగాయనే అని సంబరపడి, ఏం కోసిందండీ అని అడిగాను. "బోటు ప్రొపెల్లర్, సిస్టర్. పదును వెడ్తుంటే చెయ్యి జారింది" అన్నాడు. నేను సూది పట్టుకుని ఆగిపోయాను. కత్తిపీటకు పదును పెడతారు, కొడవలికి పెడతారు. నీళ్ళలో తిరిగేదానికి పదునెందుకు? ఆ మాటే పైకి అన్నాను. ఆయన నొప్పి మరిచి నా మొహంలోకి చూశాడు. "కుట్లు ఇప్పినంక షాపు కాడికి వచ్చి సూడు" అన్నాడు. అంతే, జవాబు చెప్పలేదు.

నాకు చిన్నప్పటి నుంచీ ఎందుకు అనే జబ్బుంది. మాది భీమవరం పక్క పల్లె. చుట్టూ కాలువలు. రేవులో లంగరేసిన పడవ ఎందుకు అటే తిరుగుతుంది, ఇటెందుకు తిరగదు అని అడిగి అడిగి మా నాన్నతో మొట్టికాయలు తిన్నదాన్ని. నర్సు ట్రైనింగులోనూ అంతే, ఈ అమ్మాయికి నోరెక్కువ అని పేరు తెచ్చుకున్నాను. అలాంటిదాన్ని 'వచ్చి చూడు' అన్నాక ఊరుకుంటానా? అక్కడ సెలవూ చర్చీ శుక్రవారమే. ఒక శుక్రవారం చర్చి అయ్యాక మా ఆయన జోసెఫ్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన దూరాన జెబెల్ అలీ రేవులో స్టోర్‌కీపరు, వారానికోసారి వస్తాడు. ఆ ఒక్కరోజూ బిర్యానీ తిని పడుకోనివ్వకుండా ఇనుప షెడ్డుకు తీసుకొచ్చానని దారంతా సణిగాడు.

మల్లేశన్నది జగిత్యాల దగ్గర ఊరు. ఇరవై ఏళ్ళుగా ఆ వర్క్‌షాపులో పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాడు. షెడ్డు మూలలో టార్పాలిన్ తీసి చూపించాడు. పదడుగుల ప్లైవుడ్ పడవ, బల్లపరుపుగా, మన ఇంటి వీధి తలుపంత వెడల్పు. ముందువైపు రెండు పక్కలా రెండు బోలు చెక్క పెట్టెలు, వెనక ఆయిల్ కలిపిన పెట్రోలుతో నడిచే చిన్న ఇంజను. వేగం అందుకున్నాక ఆ రెండు పెట్టెల అంచులూ, వెనక ప్రొపెల్లరూ, ఈ మూడే నీళ్ళను తాకుతాయట. మిగతా పడవంతా గాలి మీద పోతుందట. అందులో కూర్చోవడానికి చోటు లేదు. మోకాళ్ళ మీద వంగి నడపాలి. మిగిలిపోయిన చెక్కలతో, షాపు మేనేజరును, అక్కడి మాటలో ముదీర్‌ను, బతిమాలి పర్మిషన్ తెచ్చుకుని, మూడేళ్ళుగా సెలవు రోజుల్లో చేస్తున్నాడు. మా ఆయన దాని చుట్టూ తిరిగి, "ఇది మునగదని గ్యారంటీ ఏంటండీ?" అన్నాడు. మల్లేశన్న ఆయనను పట్టించుకోలేదు. నన్ను రెండే అడిగాడు. "ఈతొస్తదా? ఎన్ని కిలోలుంటవ్?" వస్తుంది, నలభై తొమ్మిది అన్నాను. అప్పుడు చెప్పాడు తన సంగతి. "వచ్చే చలికాలం పోంగనె కంపెనీ నా వీసా బంద్ జేస్తది, చెల్లె. మల్ల రాను. నాకు ఈత రాదు, ఈ మోకాలు వంగది. పోయేలోపల ఇది ఒక్క పందెం మునగకుంట కడదాక ఉర్కితె సూడాలె. గంతే."

ఆ 'గంతే'లో ఎంత ఉందో నాకప్పుడు తెలియలేదు. ఆ మోకాలు ఇలాంటి పందేల్లోనే పోయి ఉంటుందని నాకు నేనే ఊహించుకున్నాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. పెద్ద ఆటగాడి దగ్గర శిష్యరికం దొరికిందని పొంగిపోయాను.

శిష్యరికం సిమెంటు గచ్చు మీద మొదలైంది. ఒక దిండు వేసి మోకరించమనేవాడు. కుడిచేతికి పాత స్టీరింగు, ఎడమచేతికి ఒక మీట. మీట నొక్కితే వేగం, వదిలితే ఆగిపోతుంది. తన ఫోనులో ఒక నిమిషం పెట్టి, అంకెలు తగ్గుతుంటే గట్టిగా చదివేవాడు. ఈ పందేల్లో పడవలన్నీ ఒకచోట ఆగి బయల్దేరవు. నీళ్ళలో చుట్లు కొడుతూనే ఉంటాయి, గడియారం సున్నాకు వచ్చిన క్షణాన గీత దాటాలి. ఒక్క క్షణం ముందు దాటినా ఆట నుంచి తీసేస్తారు. ఎంత దూరంలో ఉండగా మీట పూర్తిగా నొక్కాలో కళ్ళు మూసుకుని ఊహించి చెప్పాలి. చర్చిలో మోకరించడం అలవాటున్న నాకే పావుగంటకు కాళ్ళు తిమ్మిరెక్కేవి. "మీ దేవుడు ముందుగాలనె నేర్పిండు గద, ఇంకేంది?" అని నవ్వేవాడు. ఇంకొక పద్ధతి ఉండేది ఆయనకు. పనిముట్టు మీద కాలు పెడుతున్నాం కాబట్టి చెప్పులు విడిచి, పడవను తాకి కళ్ళకద్దుకుని ఎక్కాలి. నేను క్రైస్తవురాలినే అయినా కుట్టుమిషను మీద కాలు పడితే దండం పెట్టే ఇంట్లో పుట్టాను. నాకదేమీ వింతగా అనిపించలేదు.

వింతగా అనిపించింది ఆయన మౌనం. ఒడ్డు మీద నుంచి కంటికి కనిపించేవన్నీ చెప్పేవాడు. కానీ ముక్కు ఎందుకు లేస్తుంది, పెట్టెల అంచు ఇంత పదునుగా ఎందుకుండాలి, మలుపులో బరువు ఎటు వేస్తే మంచిది అని అడిగితే నోరు మెదపడు. "నీళ్ళల్లకు పోయి సూసి రా" అనేవాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు కదా, ఈయన లోకువ కాకూడదని బిగుసుకుంటున్నాడని నాకు ఒళ్ళు మండేది. "అదేంటన్నా, తెలిసిన ముక్క చెబితే మీ సొమ్మేం పోతుంది?" అని ఒకసారి పైకే అనేశాను. ఆయన గరుకు కాగితం తీసుకుని పడవ అడుగును రుద్దడం మొదలుపెట్టాడు. తులం బరువు తగ్గుతుందంటే పూట పూటంతా రుద్దే మనిషి. నేనలిగి ఆ వారం వెళ్ళలేదు. పైవారం మళ్ళీ నేనే వెళ్ళాను.

ఆ చలికాలం పోకముందే ముదీర్‌కు తెలిసిన ఒక వాగులాంటి ఉప్పునీటి పాయలో పడవను దించాం. మొదటిసారి మీట నొక్కగానే ఇంజను అరుస్తోంది గానీ పడవ కదలదు. ముక్కు ఆకాశానికి లేచి, వెనక భాగం నీళ్ళలో కూరుకుపోయింది. "ముంగటికి వడు! ముంగటికి!" అని ఒడ్డు నుంచి కేకలు. బోర్లా పడ్డట్టు ముందుకు వాలాను. ఒక్క కుదుపుతో ముక్కు దిగింది, పడవ నీళ్ళ మీదికెక్కింది, ఆ తర్వాత ఒక్కసారిగా అరుపంతా సన్నటి గీతంలా మారిపోయింది. మోకాళ్ళ కింద నీళ్ళు గట్టిగా, గతుకుల రోడ్డులా తగులుతున్నాయి. భయం వేయలేదు. నీళ్ళు ఇంత గట్టిగా ఎలా ఉంటాయి అన్న ఆశ్చర్యమే. ఆ ఆశ్చర్యంలోనే మలుపొచ్చేసింది. పడవ పక్కకు ఎగిరేసరికి గుండె జారి మీట ఒక్కసారిగా వదిలేశాను. పడవ ఆగింది. దాని వెంటే పరిగెత్తుకొస్తున్న దాని అల మాత్రం ఆగలేదు. వెనక నుంచి ఎక్కి పడవ నిండా నీళ్ళు పోసింది.

లైఫ్‌జాకెట్ ఉంది, ఈతొచ్చు, నాకే ప్రమాదమూ లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా తేలుతూ ఒడ్డు వైపు చూశాను కదా, మల్లేశన్న నీళ్ళలోకి నడిచి వచ్చేస్తున్నాడు! జాకెట్ లేదు. నడుము దాకా, ఛాతీ దాకా, మెడ దాకా. "ఆగండన్నా, మీకు ఈత రాదు!" అని నేను అరుస్తున్నా వినడే. గడ్డం మునిగేసరికి నేనే ఈది వెళ్ళి కాలరు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను. ఇద్దరం ఒడ్డున కూలబడ్డాక తిట్టబోయాను. ఆయనే ముందు అందుకున్నాడు. "పడవ గూడ అద్దు చెల్లె, ఖలాస్. నీకేమన్న అయితే మీ ఆయనకు ఏం మొకం సూపియ్యాలె?" అన్నాడు. మూడేళ్ళ పడవను ఒక్క మాటతో వదిలేశాడు. ఆ క్షణంలో నాకు ఆయన సొంత అన్నకన్నా ఎక్కువయ్యాడు. "నేను మీట ఒక్కసారి వదిలేశాను కాబట్టి మునిగింది. కొంచెం కొంచెం వదిలితే ఏమవుతుందో నాకు చూడాలనుంది" అన్నాను. ఆయన ఇంజను విప్పడానికి లేచాడు.

పందెం ఆ మరుసటి చలికాలం చివర్లో వచ్చింది. ఆయన టికెట్టు ఆ నెలాఖరుకే. చిన్న ఇంజన్ల పోటీ, ఐదు పడవలు, మూడు చుట్లు. జోసెఫ్ నన్ను రేవు దగ్గర దింపి, కారు పెట్టడానికి ఎంతో దూరం వెళ్ళాడు. నా హెల్మెట్ చూశారు, జాకెట్ చూశారు, నేను పడిపోతే ఇంజను ఆగిపోయేలా జాకెట్‌కు కట్టుకునే తాడు చూశారు. చివర తనిఖీ చేసే ఆయన కిందికి చూసి, షూలు ఏవి అన్నాడు. నేనూ కిందికి చూశాను. ఒట్టి కాళ్ళు. కాళ్ళకు షూ లేకుండా పడవ ఎక్కనివ్వరట. రెండు చలికాలాలు చెప్పులు విడిచి కళ్ళకద్దుకుని ఎక్కాం గానీ, నిబంధనల కాగితంలో ఆ ముక్క ఉందేమోనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు! నా చెప్పులు కారులో ఉన్నాయి. ఉన్నా అవి హవాయి చెప్పులే. పడవలు దింపడానికి ఇంకో అయిదు నిమిషాలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మల్లేశన్న వంగని కాలు బారజాపి నేల మీద కూర్చుని, తన వర్క్‌షాపు బూట్లు విప్పాడు. ముందు ఇనుప తొడుగున్న బూట్లు. రెండూ కలిపి కిలోన్నర పైనే. తులం కోసం పూట పూటంతా రుద్దిన మనిషి ఆ కిలోన్నరను తన చేత్తో నా కాళ్ళకు తొడిగి, లేసులు పాదం చుట్టూ రెండుసార్లు తిప్పి కట్టాడు. "పో" అన్నాడు.

నీళ్ళలోకి వెళ్ళగానే తేడా తెలిసింది. మోకరిస్తే పాదాలు వెనక ఉంటాయి కదా, ఆ బరువంతా వెనకే. వేగం పెరిగేకొద్దీ ముక్కు పైకి లేస్తోంది. ఇంకొంచెం లేస్తే గాలి కింద దూరి పడవను తిరగేస్తుంది. ఒడ్డు నుంచి కేక వినబడే దూరం కాదు. ఏం చేస్తే దిగుతుంది? గడియారం తగ్గుతుండగా అటూ ఇటూ జరిగి చూశాను. మోకాళ్ళు జానెడు ముందుకు జరిపి, గడ్డం స్టీరింగుకు ఆనించాను. దిగింది. ఆ వెతుకులాటలో గీత అందరికన్నా చివర దాటాను. మొదటి మలుపులో పడవ ఎగిరింది. మీట వదలలేదు, సగానికి తగ్గించాను. నా అల నన్ను అందుకోలేకపోయింది. మూడు చుట్లూ ముగించేసరికి నా వెనక ఒక పడవ ఉంది. నాలుగో స్థానం. జోసెఫ్ ఏదో కప్పు గెలిచినట్టు గెంతుతున్నాడు.

మల్లేశన్న కాలే సిమెంటు మీద ఒట్టికాళ్ళతో నిలబడి ఉన్నాడు. ఎన్నో స్థానమని అడగలేదు. "ముక్కు లేసింది గద? ఎట్ల దింపినవ్? మలుపుల ఎడమ పెట్టె నీళ్ళను ఇడిసిందా? చేతికి ఏం తెలిసింది?" అని గుక్క తిప్పుకోకుండా అడిగాడు. ఎందుకు, ఎలా అని ఆయన నన్ను అడగడం అదే మొదలు. అన్నీ చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు. నాకు నవ్వొచ్చింది. "మీకు తెలియనట్టు అడుగుతారేంటన్నా?"

"తెల్వదు చెల్లె" అన్నాడు. "గీ మోకాలు షాపుల చేరకముందు బిల్డింగు సైటు మీద పరంజి కూలితె పోయింది. నేను ఏ బోటు ఎక్కలే, ఎన్నడు. ఇరవై ఏండ్ల సంది రిపేరు జేసుడు, ఒడ్డు మీదికెల్లి సూసుడు. నువ్వు అడిగినయన్ని నేను సుత అడుగుదామనుకున్నయే. ఎవల్ని అడుగుదు? తెల్వనిది తెలిసినట్టు జెప్తె నువ్వు మునుగుతవ్."

గర్విష్ఠి అనుకుని ఎన్ని వారాలు అలిగానో తలచుకుని సిగ్గుతో చచ్చిపోయాను. ఆ నెలాఖరున ఆయన వెళ్ళిపోయాడు. పడవను ముదీర్ ఉంచుకున్నాడు, చలికాలం సెలవుల్లో నేను నడుపుకోవడానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు వార్డులో నా కింద ఎనిమిది మంది నర్సు పిల్లలున్నారు. పెద్దదాన్నయ్యాను కదా అని ఏదో ఒకటి చెప్పి పంపేసే అలవాటు నాకూ ఉండేది. ఇప్పుడు, "నాకు తెలియదమ్మా, వెళ్ళి పేషెంటును చూసి రా, ఇద్దరం ఆలోచిద్దాం" అంటాను. మొదట్లో నవ్వుకున్నారు. ఇప్పుడు చూసి వచ్చి చెబుతున్నారు, నేను వింటున్నాను.

పడవ దిగిన రోజు మాత్రం నేను చెప్పేదాన్ని. ఒళ్ళు తుడుచుకోకుండానే జగిత్యాలకు ఫోను చేస్తాను. గాలి ఎటుంది, అల ఎంతుంది, ఎక్కడ మీట తగ్గించాను, పడవ ఏమంది, అన్నీ వరసగా చెబుతాను. అవతల ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడదు. చెప్పడం అయిపోయి నేనాగితే, ఇంకా పడవలోనే ఉన్న మనిషిలా, తర్వాతి మలుపు కోసం అడుగుతాడు.

"మల్ల?"