కోటగిరి దారిలో ఆయిల్ లైటు

మా కారు కింద రోజూ పొద్దున్నే ఒక నల్లటి మరక కనిపించేది. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అంచులోంచి కారుతోందని మా ఆయన కనిపెట్టాడు. ఆయన కోయంబత్తూరులో మోటారు పంపులు చేసే కంపెనీలో పనిచేస్తాడు. ఇనుప సామాను విప్పడమంటే జంకు లేదు. ఒక ఆదివారం కారమడైలో మా ఇంటి ముందే కారు కింద దూరి, ఆ తొట్టి ఊడదీసి, తుడిచి, అంచు చుట్టూ కొత్త గమ్ము దండిగా పూసి బిగించాడు. సాయంత్రం కొత్త ఆయిల్ పోశాడు. మర్నాటి నుంచి మరక లేదు. వీధిలో వాళ్లకు కూడా చూపించాడు.

ఆ వారంలోనే మా అత్త వాళ్ల అక్కకు కోటగిరిలో ఆపరేషన్ అయింది. ఆయనకు సెలవు దొరక్క అత్తనూ నన్నూ వెళ్లి చూసి రమ్మన్నాడు. కొండ దారిలో కారు నడపడం నాకు కొత్త కాదు. కానీ ఆ మధ్యాహ్నం వాన పడి వెలిసింది. మేట్టుపాళయం దాటి మలుపులు మొదలయ్యేసరికి చెట్ల మీదికి మంచు దిగుతోంది.

ఒక మలుపు దగ్గర బస్సుకు దారి ఇవ్వడానికి నెమ్మది చేశాను. స్టీరింగు వెనక ఎర్ర లైటు వెలిగింది.

"అమ్మిణీ, అదేంది ఎర్రగా మండతా ఉండాది?" అంది అత్త. నన్ను ఆమె అమ్మిణి అనే పిలుస్తుంది.

ఆయిల్ లైటు. రోడ్డు కొంచెం వెడల్పుగా ఉన్నచోట ఆపి, చేతి బ్రేకు లాగి, గేరులో పెట్టాను. అయినా ఆ వాలు చూస్తే నమ్మకం కుదరలేదు. అత్త దిగి రాయి వెతికి తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెట్టింది. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాను. ఆయిల్ ఉండవలసినంత ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తక్కువుంటే పోయొచ్చు. ఉండి కూడా పైకి అందకపోతే ఏం చేయాలి?

సిగ్నలు దొరికేదాకా రోడ్డు మీద అటూ ఇటూ నడిచి మా ఆయనకు ఫోను చేశాను. ఆయన కొట్టిపారేశాడు.

"ఆయిల్ నేనే తా పోస్తిని గదా. సుమ్మా, ఊరికే ఆ లైటు స్విచ్చి రిపేరుగా ఉంటాది. మెల్లగా పైకి పోండి."

బండి స్టార్ట్ చేస్తే నిజంగానే లైటు ఆరిపోయింది. ఆయన మాటే నిజమేమో అనుకుని కదిలాను. రెండో మలుపు కూడా రాలేదు, మళ్లీ వెలిగింది. ఈసారి ఇంజను లోపలి నుంచి టక్ టక్ మని సన్నగా చప్పుడు కూడా మొదలైంది. ఇంజను పట్టేసి ఆగిపోతే ఈ వాలులో బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగు తిరగదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఇక ఆలోచించలేదు. ఆపేశాను.

కిందికి పోతున్న జీపు ఒకటి ఆగింది. ఒక్కరికే చోటుంది. అత్తను ఎక్కమన్నాను.

"నిన్ను ఒంటిగా ఇడిసి నేను యాడికీ పోను," అంది. జీపు వెళ్లిపోయింది.

కాసేపటికి కింద వెదురు విరిగిన చప్పుడు వినిపించింది. ఏనుగు అని ఇద్దరం అనలేదు. "సామి వచ్చినట్టుండాది," అని మాత్రం అత్త గుసగుసగా అంది. కారులో కూర్చుని అద్దాలు ఎత్తేశాం. మా ఊపిరికే అద్దాలు మసకబారాయి. తుడిస్తే ఏం కనబడుతుందోనని తుడవలేదు. మళ్లీ విరిగింది, ఇంకా దగ్గరగా. అత్త నా చెయ్యి పట్టుకుంది. రంగనాథా అని మొదలుపెట్టి, ఆ పైన మాటలు మరిచిపోయి అక్కడే ఆగిపోయింది.

కోటగిరి నుంచి దిగుతున్న బస్సు మమ్మల్ని గట్టెక్కించింది. ఒంటి ఏనుగు తిరుగుతోందని డ్రైవరు అరవంలో కేకలేసి, కారు వదిలేసి ఎక్కమన్నాడు. తాళం వేశానో లేదో కూడా చూసుకోకుండా ఎక్కాం.

మర్నాడు అత్త బస్సులో అక్క దగ్గరికి వెళ్లింది. పని మానుకుని అదే బస్సులో మాతో వచ్చిన ఆయనా నేనూ కారు దగ్గర దిగాం. కారుకేమీ కాలేదు. ఆయన తాళం తిప్పగానే లైటు ఆరింది, చప్పుడూ లేదు. ఆయన నా వైపు చూసి నవ్వి గేరు మీద చెయ్యి వేశాడు. అప్పుడే నాకు మా నాయన బావి గుర్తొచ్చింది.

"మామా, గేరు వేయొద్దు. అట్లే నడవనీండి," అన్నాను.

కాసేపు నడిచింది. ఎర్ర లైటు వచ్చింది. చప్పుడు రాకముందే ఆయనే ఆపేశాడు. అప్పుడు నేను ఆ బావి సంగతి చెప్పాను.

"బాయిలో పైపు అడుగున జల్లెడకు ఆకు అడ్డం పడితే ఇట్లే తా. మోటారు ఆపితే ఆకు రాలిపోతాది. వేస్తే మళ్లా ఒట్టుకుంటాది. నీళ్లు ఉండీ పైకి రావు."

పంపులు చేసే మనిషికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద వెల్లకిలా పడుకుని కారు కింద చూశాడు. తొట్టి అంచు పొడుగునా గమ్ము లావుగా బయటికి పిండుకుని వచ్చి ఉంది. లోపలికీ అంతే వచ్చి ఉంటుంది. లేచేటప్పటికి ఆయన ముఖంలో నెత్తురు లేదు.

బండిని ఇంకో బండి లాక్కొచ్చింది. ఇంట్లో మళ్లీ తొట్టి విప్పాడు. ఆయిల్‌ను పైకి పీల్చే గొట్టం మూతి దగ్గర జల్లెడ నిండా మీగడ తరకల్లా గమ్ము ముక్కలు. అరచేతిలో వేసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. మేట్టుపాళయం మెకానిక్కును పిలిపించి బేరింగులు విప్పించాడు. కొన్నిటికి గీతలు పడ్డాయి. ఇంకొంచెం దూరం నడిపి ఉంటే ఇంజను పట్టేసేదని మెకానిక్కు చెప్పాడు. బేరింగులు మార్చి, జల్లెడ కడిగి, ఈసారి గమ్ము దారమంత సన్నగా పూశారు. లైటును నమ్మక, దాని స్విచ్చి ఉండే చోట ఆయిల్ ఒత్తిడి కొలిచే మీటరు బిగించి స్టార్ట్ చేశారు. ముల్లు లేచి నిలబడింది. ఇంజను వేడెక్కాక కూడా దిగలేదు.

మీటరు తీసి మళ్లీ స్విచ్చి పెట్టాక, తాను ఒక్కడే నడిపి చూసొస్తానన్నాడు. నేను వినకుండా పక్కన ఎక్కాను. మేట్టుపాళయం రోడ్డులో చాలా దూరం పోయాక బండి పక్కకు తీసి, స్టీరింగు వదలకుండానే అన్నాడు.

"పైకి పోండి అని నేనే తా చెప్తిని. మా అమ్మ, నువ్వు, ఇద్దురూ బండిలో ఉండారు."

పైదాకా పోలేదు కదా అన్నాను. ఆయన తల ఊపాడు. వెనక లారీ హారన్ కొడుతోంది. అయినా కదల్లేదు. స్టీరింగు మీంచి చేతులు తీసి, కాసేపు నన్ను నడపమన్నాడు. నాకూ భయంగానే ఉంది. దిగి, ముందు నుంచి చుట్టి వెళ్లి, ఆయన సీట్లో కూర్చున్నాను.