గాయం లేదని రాసిన కాగితం

ఏడేళ్ళ క్రితం, వానలు మొదలైన నెలలో, నన్ను జంషెడ్‌పూర్‌లోని ఒక థానాకు సబ్‌ఇన్‌స్పెక్టరుగా వేశారు. పిల్లల కేసులన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. చేరిన రెండో వారంలో ఊళ్ళోనే ఉన్న జుగ్సలాయి పేట నుంచి ఒకామె వచ్చింది. పేరు రాయను, అలాంటి కేసుల్లో పేరు బయటపెట్టడమే నేరం. ఆడపిల్ల జననాంగంలో కొంత కోసేసే ఆనవాయితీ వాళ్ళ ఇంట్లో ఉంది. ఏడేళ్ళ మనవరాలికి అది జరిపించాలని అత్తగారు శుక్రవారానికి ఖాయం చేసిందట. తనకు జరిగింది చాలు, కూతురికి వద్దని ఆమె ఒకటే ఏడుపు.

రికార్డులు రాసే మున్షీ పెదవి విరిచాడు. ఆ పేరుతో మన దేశంలో చట్టమే లేదు, పైగా ఇంకా ఏమీ జరగలేదు, ఏ సెక్షను రాస్తారు మేడమ్ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పిల్లలపై లైంగిక నేరాలకు ఉన్న పోక్సో చట్టం తీసి అతని ముందు పెట్టాను. నేరం జరగబోతోందన్న భయం ఉన్నా పోలీసులకు చెప్పాలని అందులో ఉంది. చెబితే మేం రాసుకోవాలి. సనహా, అంటే థానా రోజువారీ దస్త్రంలో నమోదు, నా చేత్తోనే రాశాను.

ఆ తర్వాత తప్పు చేశాను. కోసేది ఎవరని అడిగితే, గోవింద్‌పూర్‌లో ఉండే రిటైరైన నర్సు అని తేలింది. మా తెలుగావిడే. ఒకప్పుడు నేను పెరిగిన కాలనీ బారిడీహ్‌లో మా పక్క క్వార్టరు, చిన్నప్పుడు నాకు సూదిమందు వేసిన మనిషి. మనవాళ్ళే కదా, నోటిమాటతో పోతుందని ఇంటికెళ్ళి, వద్దు పిన్నీ అని చెప్పొచ్చాను. సరేనంది. టీ కూడా ఇచ్చింది.

బుధవారం మధ్యాహ్నం తల్లి ఫోను చేసింది. పాపను అత్తగారు ఇప్పుడే తీసుకెళ్ళిపోయిందట. నా హెచ్చరిక పనిని ఆపలేదు, రెండు రోజులు ముందుకు జరిపింది. పిల్ల బెదరకూడదని ఇలాంటి కేసుల్లో యూనిఫాం వేసుకోం, చీరలోనే ఉన్నాను. ఒక మహిళా కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని ఆటోలో గోవింద్‌పూర్‌కు, పిన్ని ఇంటికి పరుగెత్తాను. తలుపు తోసేసరికి పాప మంచం మీద చాక్లెట్ తింటోంది. నాయనమ్మ పాప కాళ్ళు పట్టుకుని కూర్చుంది. పిన్ని చేతులకు గ్లౌజులున్నాయి.

"నాను సెయ్యకపోతే ఇంకెవులో తుప్పట్టిన బ్లేడుతో సేత్తారే లచ్చిమీ. నా సెయ్యయితే శుబ్బరం," అంది.

"శుబ్బరంగా సేసినా నేరం నేరమే పిన్నీ. ముందు ఆ గ్లౌజులు తియ్యి," అన్నాను.

పోక్సోలోని నేరప్రయత్నం సెక్షను కింద ఇద్దరినీ అరెస్టు చేశాను. నర్సు నాకు తెలిసినావిడనీ, ముందే వెళ్ళి హెచ్చరించాననీ బడాబాబుకు, అంటే థానా ఇన్‌ఛార్జికి, నేనే రాసిచ్చాను. మందలింపు వచ్చింది, తీసుకున్నాను. బారిడీహ్‌లో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. మానేయనీ.

గాయాల నివేదికలు నా సర్వీసులో కట్టలకొద్దీ చూశాను. ఆ సాయంత్రం మహిళా డాక్టరు పాపను చూసి ఇచ్చిన దాంట్లో ఒక్క మాటే ఉంది: గాయం లేదు. నేను గర్వంగా చెప్పుకునే కాగితం అదొక్కటే. నేర్చుకున్నదంటారా, చట్టంలో పేరు లేని నేరానికీ సెక్షను దొరుకుతుంది, ఓపిగ్గా వెతకాలి. నేరం చేయబోయేది పిన్ని అయినప్పుడు, ముందుగా వెళ్ళి ఆమె చేతి టీ తాగకూడదు.