నా జతగత్తెను టీవీలో చూపించిన రోజు

మా చిన్నప్పుడు... ఆస్పరి దగ్గర మా పల్లెకి టీవీవాళ్లు ఒక్కసారే వచ్చారు. పొలం గట్టు తగాదాలో పక్క పొలంవాళ్లు నా జతగత్తె వాళ్ల నాన్నను నరికేసిన మరుసటి రోజు. అదీ నేనూ మూడో తరగతి. దాని పేరు రాయను... అప్పుడు టీవీలో వేసింది చాలు.

టీవీలో కనపడితే కలెక్టరు దాకా తెలుస్తుంది, న్యాయం జరుగుతుంది అనుకుంది వాళ్లవ్వ. పాపం, మనవరాలికి తల దువ్వి, మొహానికి పౌడరు రాసింది. పీర్ల పండక్కి ఆదోనిలో కొన్న నా గౌను అడిగి తీసుకుని తొడిగింది. నేనూ మురిసిపోతూ ఇచ్చాను.

మైకు పట్టుకున్నాయన చూసి, పౌడరు తుడిచేసి పాత గౌనే వేయమన్నాడు. నాన్న ఎక్కడ పడ్డాడో చూపించమన్నాడు. అది వేలు పెట్టి చూపించి ఏడ్చింది. సరిగా రాలేదని మళ్లీ చూపించమన్నారు. మూడోసారికి దానికి ఏడుపు రాలేదు... "నాన్న ఇంక రాడు కదమ్మా?" అన్నాడు ఆయన. అప్పుడొచ్చింది.

మా బడి అయ్యవారు, ఊరి పెద్దలు, మా అమ్మ... అందరూ అక్కడే నిలబడి ఉన్నారు. ఒక్కరూ వద్దనలేదు. నేనైతే కెమెరాలో పడాలని నా జతగత్తె వెనకాల ఎగురుతున్నాను. ఛీ... తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

సాయంత్రం ఊరంతా ఒకే టీవీ ముందు కూర్చుంది. నెత్తురు మరక, దాని మొహం... మళ్లీ నెత్తురు మరక, మళ్లీ దాని మొహం. మన పిల్లే, మన పిల్లే అని ఒకరికొకరు చూపించుకున్నారు. న్యాయం మాత్రం ఎవరూ తేలేదు.

ఇప్పుడది ఎమ్మిగనూరులో బట్టలు కుడుతోంది. కొడుకు నాలుగో తరగతి. ఆ వీడియో పాత నేరాల కథలంటూ ఫోన్లలో తిరుగుతోందని తెలిసినప్పటి నుంచి దానికి ఒకటే భయం... వాడి కంట పడకూడదని. తీసేయమని ఆ యాప్‌ వాళ్లకి నేను ఎన్నిసార్లు ఫిర్యాదు పెట్టానో లెక్కలేదు. అందులో తప్పేమీ కనపడలేదని ప్రతిసారీ అదే జవాబు.

మొన్న ఫోన్ చేసింది. "వాడు సూసేసినాడు మే" అంది. వాడు ఏడవలేదట. ఒక్క మాటే అడిగాడట.

"ఆడ అంతమంది ఉండారు కదమ్మా... నిన్ను ఒక్కరన్నా ఎత్తుకోలేదా?"

మా రోజుల్లో టీవీ ఆపేస్తే అయిపోయేది... ఇప్పుడు ఏది ఆపాలో తెలియడం లేదు. ఆ వీడియో తీసేయించే దారి మీలో ఎవరికైనా తెలిస్తే కింద రాయండి. ఆ పిల్లోడికి ఏం చెప్పాలో తెలిసినా రాయండి...