పంపే స్పీడు

కొత్త ఫ్లాటులో కుట్టుమిషను కిటికీ పక్కకి చేరింది. మంచం మాత్రం ఇంకా గోడకి ఆనించే ఉంది. సామాన్లు సర్దకముందే ఇంటర్నెట్ సంగతి తేల్చాలని దర్జీ పట్టు. వారం తిరక్కుండానే ఆ వీధి ఆమెకి 'సూదులక్క' అని పేరు పెట్టేసింది. పెదాల మధ్య గుండుసూదులు బిగించుకుని, అటు తిరుగు, ఇటు తిరుగు అని చేతులతోనే చెబుతుంది మరి.

ఆ సైగలు ఊహ తెలిసినప్పటినుంచీ ఉన్నవే. ఆమె సొంత అక్కకి పుట్టు చెవుడు. ఏ బడీ చేర్చుకోలేదు, అక్షరాలు రాలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ చేతులతోనే ఒక భాష అల్లుకున్నారు. అరచెయ్యి ఎదుటివాళ్ళకి చూపించి అలాగే ఉంచితే 'వద్దు'. చూపించి, వేళ్ళు తనవైపు ముడిస్తే 'రా'.

పాత ఇంట్లో కొంప ముంచింది అదే. రేపు అక్కకి ఆపరేషన్ అనగా, వీడియో కాల్‌లో 'రానా?' అని అడిగింది చెల్లెలు. అక్క అరచెయ్యి లేచింది. బొమ్మ అక్కడే బిగుసుకుపోయి, కాల్ తెగిపోయింది. వద్దంటోంది కాబోలని ఈమె ఆగిపోయింది. నెల తర్వాత బావ ఫోన్ చేశాడు.

"ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మీ అక్క తలుపు వైపే చూస్తూ పడుకుందమ్మా."

బొమ్మ ఆగిపోయిందని ఎంత చెప్పించినా అక్క నమ్మలేదు. తెర ముందుకు రావడమే మానేసింది. పోనీ వెళదామంటే, "తను పిలవకుండా వచ్చావంటే మొహం కూడా చూడదు, నీకు తెలీనిదా?" అన్నాడు బావ. ఆఖరికి, "ఈ ఆదివారం ఎలాగోలా కూర్చోబెడతా. మళ్ళీ మధ్యలో ఆగిందో, ఇక నా వల్ల కాదు" అని మాటిచ్చాడు.

ముందు వచ్చింది పెద్ద కంపెనీ సేల్స్‌మన్.

"మేడమ్, సినిమా మొత్తం చిటికెలో దిగిపోతుంది."

"నాకు సినిమాలెందుకు బాబూ? నా చేతులు అవతలికి ఎంత స్పీడులో వెళ్తాయో చెప్పు."

"చేతులా?"

"వీడియోలో."

అతను కాగితం తిరగేశాడు. "పంపే స్పీడు కొంచెం తక్కువే. ఆగితే వీడియో తీసేసి మాట్లాడుకోండి, గొంతు గంటలా వినిపిస్తుంది."

చూడ్డానికి వచ్చిన ఎదురింటి పిన్నిగారు అందుకుంది. "వాళ్ళక్కకి వినపడదు నాయనా. గంటలాంటి గొంతు మా ఆడపడుచుకే ఉంది, నువ్వు వెళ్ళిరా."

ఆవిడే తన ఇంటికి లైను లాగిన పెద్దాయన్ని పిలిపించింది. భుజాన వైరు చుట్ట, చెవి మీద పెన్సిలు.

"మీ బొమ్మ పోవాలా, వాళ్ళ బొమ్మ రావాలా?" అన్నాడాయన.

"రెండూనండి."

"అయితే మా లైను చూడండి. వచ్చే స్పీడెంతో పంపే స్పీడూ అంతే. నా మాట నమ్మొద్దు, చూసే తీసుకోండి." పిన్నిగారింటి లైనుకి సూదులక్క ఫోను కలిపించి, తన ఫోనుకి వీడియో చేయించుకుని కింద వీధిలోకి దిగిపోయాడు.

ఆమెకి ఏం చేయాలో తోచలేదు. అలవాటు కొద్దీ అరచెయ్యి చూపించి, వేళ్ళు ముడిచింది. కాసేపటికి మెట్ల మీద ఆయాసం వినిపించింది.

"ఏంటమ్మా, పిలిచారు?"

సూదులక్క కళ్ళు తుడుచుకుంది. "ఇదే పెట్టండి. మిషను పక్కనే."

ఆదివారం పొద్దున్నే జుట్టు దువ్వుకుని, గుండుసూదులన్నీ డబ్బాలో వేసి కూర్చుంది. తెర మీదకి అక్క వచ్చింది. చిక్కిపోయింది. చెంపల దగ్గర నెరిసింది. ఆ జుట్టు చెవి వెనక్కి సర్దాలని ఈమె వేళ్ళు లాగాయి.

'రానా?' అని అడిగింది.

అక్క అరచెయ్యి లేచింది. లేచి, అలాగే ఉండిపోయింది.

మళ్ళీ బొమ్మ ఆగిపోయిందనుకుంది. కొత్త లైను మీద కోపం కూడా వచ్చేసింది. అప్పుడు చూసింది, అక్క వెనక కర్టెన్ గాలికి ఊగుతోంది. పక్కన బావ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. బొమ్మ నడుస్తూనే ఉంది. ఆగింది అక్కే.

చెల్లెలు కదల్లేదు, రెప్ప వేయలేదు. ఆసుపత్రిలో అన్నాళ్ళు తలుపు వైపు చూసింది, ఇప్పుడు ఎంతసేపైనా నన్ను చూడనీ అనుకుంది.

చాలాసేపటికి అక్క చిటికెన వేలు ముడుచుకుంది. తర్వాత దాని పక్క వేలు.