తమ్ముడికి నేను తెచ్చిన డబ్బా

పోయిన వారం మా తిరువూరులో, విజయవాడ రోడ్డు మీద కొత్తగా పెట్టిన జిమ్ముకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. ఉద్యోగమంతా హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి, మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి కనుక, రిబ్బను కత్తిరించి నాలుగు మాటలు చెబితే కుర్రాళ్ళకు ఉత్సాహంగా ఉంటుందన్నారు. కొబ్బరికాయ కొట్టనని ముందే షరతు పెట్టి వెళ్ళాను. తీరా వెళ్ళాక శాలువా కప్పి, నా చేతుల్లో చిన్న బిందెంత ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టారు. దాని మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ, లోపల పొడి. "పెద్దవాళ్ళు కూడా తాగొచ్చు సార్, మంచి బలం" అన్నాడు ఆ జిమ్ము కుర్రాడు, ఎంతో ప్రేమగానే. డబ్బా కింద పెట్టేసి గోడకు చేరగిలబడ్డాను. ఆ నాలుగు మాటలూ ఇంకెవరినైనా చెప్పమన్నాను. వయసు మీద పడిందనుకుని పాపం కుర్చీ తెచ్చి కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో కూర్చుని నేను తలుచుకున్నది మా తమ్ముణ్ణి.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన పల్లెల్లో కబడ్డీకి చాపలూ బూట్లూ లేవు. పత్తి పీకేసిన చేను దున్ని, గడ్డలు చితక్కొట్టి, పైన ఊక చల్లితే అదే మైదానం. మా తమ్ముడు కూతకు వెళ్ళాడంటే నెమలి అనే ఊరి తిరునాళ్ళలోనైనా సరే, రెడ్డిగూడెం మామిడి తోటల పక్కన పెట్టే పందేల్లోనైనా సరే, జనం కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడేవాళ్ళు. సన్నగా, పొడుగ్గా, పొలం గట్టు మీది తాడిచెట్టులా ఉండేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. చదువు అబ్బలేదు. నాలుగెకరాల మెట్ట మీద ఇద్దరం బతకలేమని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. జిల్లా జట్టులో చోటు దొరికితే ఆటగాళ్ళ కోటాలో పోలీసు ఉద్యోగం వస్తుందని మా మేనమామ చెప్పిన నాటి నుంచీ వాడికి అదొక్కటే ధ్యాస.

మా మేనమామ డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. ఊళ్ళో కుర్రాళ్ళకు కబడ్డీ నేర్పింది ఆయనే. తిండి విషయంలో ఆయనవీ మా అమ్మవీ ఒకటే మాటలు: ఉడికించిన ఉలవగుగ్గిళ్ళు, ఉలవచారు, రెండు గుడ్లు, రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పొద్దున తినడం. ఎద్దు దేనితో బండి లాగుతుందో మనిషీ దానితోనే లాగుతాడనేవాడు. అదంతా బాగానే ఉంది గానీ, ఆయనకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఆట మధ్యలో నీళ్ళు తాగితే గుండె పట్టేస్తుందని. పుక్కిలించి ఉమ్మెయ్యాలి తప్ప గుటక వెయ్యకూడదు. ఒక ఎండాకాలం సాయంత్రం తమ్ముడు కూత పెడుతూ పెడుతూ గీత మీదే బోర్లాపడ్డాడు. అప్పుడే బడి నుంచి సైకిలు మీద వస్తున్న నేను ఆ చేలోనే, అందరి ముందూ ఆయనతో దెబ్బలాటకు దిగాను.

"ఆపరా నీ ఉపన్యాసం! ఇన్నేళ్ళ నుంచీ ఆడిస్తున్నా, నీళ్ళు తాగక చచ్చినోణ్ణి ఒక్కణ్ణి చూపించు" అన్నాడు మావయ్య.

"తాగి చచ్చినోణ్ణి నువ్వు చూపించు మావయ్యా" అన్నాను.

కుర్రాళ్ళు గొల్లున నవ్వారు. ఆ నవ్వే నాకు బలమైంది. అక్కడికక్కడే పందెం కట్టాను. వారం రోజులపాటు సగంమంది ఉప్పూ పంచదారా నిమ్మకాయా కలిపిన నీళ్ళు తాగుతూ ఆడాలి, సగంమంది ఆయన పద్ధతిలో ఆడాలి, ఆఖరి రోజున ఎవరు నిలబడతారో ఊరంతా చూడాలి. అలాగే చేశాం. ఏమైందో చెప్పనక్కర్లేదు. మావయ్య మొండివాడే గానీ కళ్ళెదుట చూసినదాన్ని కాదనే మనిషి కాడు. ఎనిమిదో రోజున తానే కుండ మోసుకొచ్చి, గ్లాసు ముంచి అందరికంటే ముందు తమ్ముడి చేతికిచ్చాడు. నేను ఎక్కిన వేదికలన్నింటిలోనూ అంత నిఖార్సైన గెలుపు నాకు మళ్ళీ దొరకలేదు. ఆనాటి నుంచీ తమ్ముడికి నా మాట వేదవాక్కు. ఆ పదం నేను వాడకూడదు గానీ, అంతకంటే సరైనది తోచడం లేదు.

ఆ ఏడు జిల్లా ఎంపికలకు వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆట ఉంది, బరువు లేదు, పట్టుకుంటే విదిలించుకోలేడు అన్నారట. వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజున నేను బస్సెక్కి విజయవాడ వెళ్ళి, తెలిసినవాళ్ళు చెప్పిన ఒక జిమ్ము మనిషిని కలిశాను. ఆయన గోడనిండా మందుల కంపెనీల కేలండర్లు. మాటల్లో ప్రొటీనులు, విటమినులు. నేను పిల్లలకు చెప్పే పాఠంలోని మాటలే ఆయన నోట వినబడేసరికి మనవాడే అనిపించింది. ఒక రేకు డబ్బానిండా పొడీ, దానితోపాటు ఆకలి పుట్టడానికని కాగితంలో పొట్లం కట్టిన చిన్న తెల్ల మాత్రలూ ఇచ్చాడు. అయిపోయినప్పుడల్లా వచ్చి తీసుకెళ్ళమన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ తమ్ముడి జబ్బకు కొత్త తాయెత్తు కట్టి ఉంది. నేను గడ్డం గీసుకునే బ్లేడుతో దాన్ని కోసేసి, ఆ చేతిలోనే డబ్బా పెట్టాను.  అమ్మ డబ్బా తీసుకుని మూత తీసి వాసన చూసింది.

"ఇందులో ఏం కలిపారో నీకు తెలుసంట్రా?"

"పైన రాసుందిగా అమ్మా, ఇంగ్లీషులో."

"కాయితం మీద ఎన్నైనా రాస్తారు. రాసినోణ్ణి నువ్వు చూశావా?"

పాఠకులు నన్ను క్షమించాలి. ఆ ప్రశ్న నాదే. శాస్త్రాల్లో రాసి ఉందని ఎవరైనా వాదనకు వస్తే, రాసినవాణ్ణి నువ్వు చూశావా అని వేదిక మీద బల్ల గుద్ది అడిగేవాణ్ణి, జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. అదే ప్రశ్న మా అమ్మ వంటింట్లో నెమ్మదిగా అడిగితే నేను నవ్వేశాను. "నీకు తెలీదు ఊరుకోవే" అన్నాను. నా జీవితంలో నేను ఆడిన మాటల్లో వెనక్కి తీసుకోగలిగితే తీసుకోవాలనుకునే మాట అదొక్కటే.

రెండు నెలలు తిరక్కుండానే తమ్ముడు నిండాడు. బుగ్గలు పొంగాయి, మెడ కిందికి కండ దిగింది, ఒళ్ళు నిగనిగలాడింది. ఆ నిండుదనం చూసి ఊరంతా మురిసిపోయింది. "ఏం పెడుతున్నావు వదినా, పిల్లోడు పెళ్ళికొడుకులా తయారయ్యాడు!" అని పొరుగావిడ అంటే, అమ్మ బలవంతాన నవ్వి, సాయంత్రం దిష్టి తీసింది. మన దగ్గర ముఖం పీక్కుపోతే జబ్బంటాం, ముఖం పొంగితే ఆరోగ్యమంటాం. సైన్సు మాస్టారునైన నేనూ అదే అన్నాను. మరుసటి ఎంపికల్లో వాణ్ణి జిల్లా జట్టులోకి తీసుకున్నారు. ఆ రోజు మావయ్య నా భుజం తట్టి, "నీళ్ళప్పుడు గెలిచావు, ఇప్పుడూ గెలిచావురా" అన్నాడు.

మరి కొన్నాళ్ళకు గజ్జల్లో నొప్పన్నాడు. మావయ్య ఆముదం రాశాడు, నేను కండరం పట్టి ఉంటుందన్నాను. తొడ లోపల ఎవరో సూదితో కుడుతున్నట్టుందన్నాడు, బలం చాలడం లేదేమోనని మాత్ర ఇంకొకటి ఎక్కువ వేసుకోమన్నాను. రెడ్డిగూడెంలో ఆడుతూ కూతకు వెళ్ళినవాడు మధ్యగీత దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు. అవతలివాళ్ళు పట్టుకోకుండానే నిలబడిపోయి నా వైపు చూశాడు. కాలు రావడం లేదని ఆ చూపులోనే తెలిసింది.

విజయవాడలో ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే ఫొటో తీయించి, ఏం మందులు వాడుతున్నాడని అడిగారు. పొట్లం విప్పి చూపించాను. ఆయన నాడి కూడా చూడలేదు, ముందు నా ముఖం చూశారు. అవి స్టెరాయిడ్లనీ, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకు రోజులు లెక్కగట్టి ఇచ్చే మందనీ, నెలల తరబడి మింగడం వల్ల వచ్చింది కండ కాదు వాపనీ, లోపల తుంటి ఎముకకు రక్తం అందక కీలు చచ్చిపోతోందనీ, రెండో వైపు కూడా మొదలైందనీ చెప్పారు. డబ్బా పొడి సంగతి అడిగితే, అందులో ఏముందో ఆ కలిపినవాణ్ణే అడగాలన్నారు. మాత్రలు ఉన్నపళాన మానకూడదు, అదీ ప్రమాదమే, మెల్లగా తగ్గించుకుంటూ రావాలన్నారు. "ఎవరిచ్చారు ఇవి?" అని ఆయన గట్టిగా అడిగినప్పుడు తమ్ముడు నాకంటే ముందు నోరు తెరిచి, "నేనే కొనుక్కున్నానండి" అన్నాడు.

నన్ను ఎవ్వరూ తిట్టలేదు. మావయ్య ఆ తర్వాత ఎవరికీ ఆట నేర్పలేదు. అమ్మ పోయే ముందు కూడా ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం నాకు నేను ఎన్నోసార్లు విచారణ పెట్టుకున్నాను. నీళ్ళ విషయంలో మావయ్యను నమ్మక పరీక్ష పెట్టాను, కనుక గెలిచాను. డబ్బా విషయంలో పరీక్ష పెట్టకుండా నమ్మాను. అచ్చువేసిన కాగితాన్నీ, తెల్ల మాత్రనూ చూసి నేను పెట్టిన నమస్కారానికీ, అమ్మ తాయెత్తుకూ తేడా ఒక్కటే, తాయెత్తు ఎముకలు తినదు. ఇది చదివి పాతదంతా మంచిదనీ, ఉలవచారు తాగితే చాలుననీ ఎవరూ అనుకోవద్దు. నీళ్ళు తాగొద్దన్నదీ పాతకాలమే. నాకున్న పేచీ అడగడం మానేసినవాళ్ళతో, అందులో మొదటివాణ్ణి నేనే.

తమ్ముడు ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు, ఎరువుల కొట్లో గుమాస్తా. తుంటి కీళ్ళు రెండూ మార్పించాం. నడుస్తాడు, మెట్లు ఎక్కలేడు, కింద కూర్చోలేడు. కబడ్డీ టీవీలో వస్తుంటే ఇద్దరం కలిసి చూస్తాం. ఆట ఎంత మారిపోయింది! రంగు చాపలు, దీపాలు, జట్టుకొక వైద్యుడు, ఎవరు ఎంత అన్నం తినాలో కొలిచిపెట్టే మనిషి. ఆటగాళ్ళ మూత్రం తీసుకుని పరీక్ష చేస్తారట, తప్పుడు మందు బయటపడితే ఎంతటివాణ్ణైనా ఆట నుంచి తోసేస్తారట. అలా తోసేసినవాళ్ళ పేర్లు పేపర్లో చూసి జనం ఛీ అంటారు. నాకు మాత్రం అసూయ కలుగుతుంది. ఆనాడు జిల్లా ఎంపికల్లో ఎవరైనా మా తమ్ముణ్ణి పరీక్ష చేసి, నువ్వు పనికిరావు పొమ్మని ఉంటే, నేను వాళ్ళతో నానా యుద్ధమూ చేసి ఉండేవాణ్ణి, పత్రికలకు ఉత్తరాలు రాసి ఉండేవాణ్ణి. వాడు ఏడుస్తూ, తన కాళ్ళ మీద తాను నడిచి, ఇంటికి వచ్చి ఉండేవాడు.