మాస్టారికి మొదటి పళ్ళెం

భర్త పోయిన యాభయ్యో రోజు మధ్యాహ్నం నెలిదా తొకేషి బూడిదరంగు కోటు తొడుక్కుని, తల దువ్వుకుని, రుఫినో హోటల్‌కి భోజనానికి బయల్దేరింది. తిండి మీద యావ ఉండి కాదు. ఈ యాభై రోజులూ ఆమె నాలుకకి ఉప్పూ తెలియలేదు, కారమూ తెలియలేదు. వెళ్ళి ఒక్క మాట చెప్పి రావాలి. తనకి వంట నేర్పిన మాస్టారు, నెలిదా భర్త, చనిపోయారని రుఫినోకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మిగతా అందరికీ మేనకోడలు హరుమి ఫోన్లు చేసింది. రుఫినో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగి, "ఇతనికి కూడా చెప్పాలా అత్తా? ఈ పేరెత్తితే చాలు, మామయ్య ఇంతెత్తున లేచేవాడుగా" అంది. "అతనికి నేను చెబుతాలే" అంది నెలిదా. అని ఊరుకుంది.

ఎందుకంటే చనిపోయాడన్న మాట ఆమె నోటి నుంచి ఎవరి దగ్గరా రాలేదు. పింఛను ఆఫీసు నుంచి ఫోన్ వస్తే "బయటికెళ్ళారు, సాయంత్రం వస్తారు" అంది. చేపల బజారులో అడిగితే "మోకాళ్ళ నొప్పులు, నడవలేకపోతున్నారు" అంది. అబద్ధం చెబుతున్నానన్న బెరుకు కూడా లేదు. నిన్న నలభై తొమ్మిదో రోజు కర్మ. బౌద్ధ సన్యాసి వచ్చి మంత్రాలు చదివాడు, చుట్టాలు ఏడ్చారు. ఆమె మాత్రం టీ పోస్తూ, ఎవరికి చక్కెర వద్దో తప్పు లేకుండా గుర్తు పెట్టుకుంది. "రాతి మనిషి" అని ఆడపడుచు గొణగడం చెవిన పడింది. చీమ కుట్టినట్టయినా లేదు.

నెలిదా జపాన్‌లోని ఒకినావా నుంచి పెరూకి వలస వచ్చి, కయావో రేవులో మంగలి షాపు పెట్టుకున్న మనిషి కూతురు. ఇరవై రెండో ఏట తెయొదోరోని చేసుకుంది. పెళ్ళయిన ఏడాదే ఇద్దరూ లిమా నగరంలో లా విక్తోరియా మార్కెట్ పక్కన ఏడు బల్లల హోటల్ తెరిచారు. ముప్ఫై ఏళ్ళు నడిపారు. అతను పచ్చి చేపని కాగితమంత పల్చగా కోసి, నిమ్మరసమూ పచ్చ మిరప పులుసూ పోసి ఇచ్చేవాడు. ఆమె నల్ల ఆలివ్ కాయలు నూరి, ఉడికిన ఆక్టోపస్ ముక్కల మీద ఊదారంగు పులుసు పరిచేది. అందులో జపాన్ ఎంత, పెరూ ఎంత అని అడిగే ఓపిక తినేవాళ్ళకి ఉండేది కాదు. రొట్టెతో పళ్ళెం తుడుచుకు తిని పోయేవాళ్ళు.

ఆ హోటల్లో ఒకటే నియమం. వంటగది గుమ్మం మీద చిన్న అలమర, అందులో చనిపోయిన తెయొదోరో అమ్మానాన్నల ఫొటోలు. పొద్దున పొయ్యి మీంచి దిగిన మొదటి పళ్ళెం వాళ్ళది. అగరువత్తి కాలిపోయేదాకా బల్లల దగ్గర ఎవరు ఆకలని అరిచినా తెయొదోరో వినిపించుకునేవాడు కాదు. తర్వాత ఆ పళ్ళెం దించి ఎవరో ఒకరు తినాలి. పద్దెనిమిదేళ్ళు దాన్ని తిన్నవాడు రుఫినో. వాంకవెలికా కొండల్లోంచి పని వెతుక్కుంటూ వచ్చి, గిన్నెలు తోమడంతో మొదలుపెట్టి, చివరికి మాస్టారు కత్తి చేతికిచ్చి పక్కన నిలబెట్టుకునేంతటి వాడయ్యాడు.

మాస్టారి హోటల్ మూతపడ్డాక, ఆరేళ్ళ కింద, రుఫినో హేసూస్ మరీయా పేటలో సొంతంగా ఒకటి తెరిచాడు. ప్రారంభం రోజు తెయొదోరో టై కట్టుకుని, నెలిదాని వెంటబెట్టుకుని మరీ వెళ్ళాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. వంటగది తలుపు మీద అచ్చం తమ అలమర లాంటిదే ఉంది. అందులో అగరువత్తి, మొదటి పళ్ళెం, వాటి వెనక తన ఫొటో. బతికున్నవాళ్ళ ఫొటో అక్కడ పెట్టకూడదని రుఫినోకి తెలియదు. పెద్దవాళ్ళని పెట్టే చోటు అనుకున్నాడు, తనకి అందరికన్నా పెద్దవాణ్ణి పెట్టుకున్నాడు. "నన్ను శవాన్ని చేశాడు" అన్నాడు తెయొదోరో ఇంటికొచ్చి. మళ్ళీ అటు మొహం పెట్టలేదు.

రుఫినో మొహం చూడగానే నెలిదాకి ఆ రోజే అర్థమైంది, పాపం తెలియక చేశాడని. భర్తకి ఒకసారి చెప్పబోయింది. అతను కయ్యిమన్నాడు. మరి రుఫినోకైనా చెప్పొచ్చు కదా? అదీ చెప్పలేదు. నోరు మూసుకోవడం తేలిక కాబట్టి మూసుకుంది, ఆరేళ్ళు గడిచాయి. ఆ తప్పు తనదేనని ఆమెకి తెలుసు. తెలిసినా ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు, అదే ఆమెకి భయంగా ఉంది.

నెలిదా హోటల్లో అడుగుపెట్టేసరికి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రుఫినో భార్య సొరాయిదా ఆమెని చూస్తూనే చేతులు నడుం మీద పెట్టుకుంది.

"అబ్బో! ఆరేళ్ళకి దొరసానమ్మకి మా గుమ్మం గుర్తొచ్చిందే! తుంపర తప్ప వానెరగని లిమాలో పొద్దున్నించీ నిజం వాన పడేట్టుంటే ఎందుకా అనుకున్నా."

"తుంపరేలే సొరాయిదా. తలైనా తడవలేదు."

"ఆ కోటుకింద ఎముకలు తప్ప ఏమన్నా ఉన్నాయా? కూర్చోండి ముందు."

బల్ల వెనక చేప కోస్తున్న రుఫినో కత్తి కింద పెట్టేశాడు. "అమ్మగారూ! మీరేనా! మాస్టారు రాలేదా?"

చెప్పాల్సిన మాటకి ఇంతకన్నా సులువైన చోటు దొరకదు. నెలిదా నోరు తెరిచింది.

"రాలేదు" అంది.

అతని ఎదురుగా ఎత్తు కుర్చీ మీద కూర్చుంది. ఆలివ్ పులుసుతో ఆక్టోపస్ పెట్టాడు. రెండు ముక్కలు నమిలింది. గుడ్డ నమిలినట్టుంది. అతను మొహంలోకే చూస్తున్నాడు కాబట్టి మూడోది కూడా తింది.

"ఎలా ఉందమ్మగారూ? మీ చేతి రుచి రాదనుకోండి."

"బాగుంది."

"బాగుంది అంటే బాగాలేదనేగా! మాస్టారయితే 'ఇది ఆక్టోపసా, తోలు చెప్పా' అనేవారు."

వెనక మూడో బల్ల దగ్గర నలుగురు ఆఫీసు మనుషులు భోజనానికొచ్చి తొందరపడుతున్నారు. నెలిదా చూపు వంటగది తలుపు మీదకి పోయింది. అలమర ఉంది. పొద్దుటి అగరువత్తి బూడిద ఉంది. ఫొటో లేదు.

రుఫినో ఆమె చూపు కనిపెట్టి గొంతు తగ్గించాడు. "నిరుడు మీ జపాన్ వాళ్ళలో ఓ పెద్దావిడ భోజనానికొచ్చి అడిగిందమ్మగారూ, ఆ పోయినాయన ఎవరని. పోవడమేంటి, నిక్షేపంలా ఉన్నారు మా మాస్టారు అన్నా. ఆవిడ తల బాదుకుంది. అప్పటిదాకా నాకు తెలీదు, మీ మీదొట్టు. ఆ నిమిషమే తీసేశా. కొండల్లోంచి వచ్చిన మొద్దుని, నాకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు" అంది నెలిదా. "నేను చెప్పి ఉండాల్సింది."

"ఆయన ఇంటికొచ్చి కాళ్ళు పట్టుకుందామనుకున్నా. ముఖం చెల్లలేదు." సొరుగు లాగి గుడ్డలో చుట్టిన ఫొటో పైకి తీశాడు. "ఇదిగో, భద్రంగానే ఉంది. మీరు మాస్టారికి చెప్పండమ్మగారూ. రుఫినో తీసేశాడని, ఇంకెప్పుడూ పెట్టడని చెప్పండి. మీరు చెబితే వింటారు."

నెలిదా గుడ్డ విప్పింది. యాభై ఏళ్ళ వయసులో తెయొదోరో, తెల్ల టోపీ, ముక్కు మీద కోపం. గుడ్డ మడత పెట్టి పక్కనుంచింది. ఫొటో అతని చేతిలో పెట్టింది.

"మళ్ళీ పెట్టెయ్ రుఫినో" అంది.

అతను ముందు నవ్వబోయాడు. "అదేంటమ్మగారూ, అక్కడ పెట్టకూడదనేగా ఆయన..." అని ఆగిపోయాడు. ఆమె మొహం చూశాడు, బూడిదరంగు కోటు చూశాడు. గల్లాపెట్టె దగ్గర సొరాయిదా లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకుంది.

రుఫినో చేతులు కడుక్కున్నాడు. స్టూలెక్కి ఫొటో అలమరలో నిలబెట్టాడు, వంకరగా ఉందని రెండుసార్లు సర్దాడు. నెలిదా ముందున్న పళ్ళెం ఎంగిలయింది, పనికిరాదు. మూడో బల్లకి పోవాల్సిన పళ్ళెం అందుకుని మాస్టారి ముందు పెట్టి అగరువత్తి వెలిగించాడు. దిగి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

"అమ్మా, అది మాదనుకుంటా" అన్నాడు మూడో బల్ల దగ్గర ఒకతను. "అరగంటైంది."

"ఆగండి" అంది సొరాయిదా, ముక్కు తుడుచుకుంటూ. "ముందు మాస్టారికి."

"ఎవరా మాస్టారు?"

సొరాయిదా నెలిదా వైపు చూసింది. నెలిదా కుర్చీలో వెనక్కి తిరిగింది. ఆ కుర్రాడెవరో ఆమెకి తెలియదు. మెడలో ఆఫీసు కార్డు, చేతిలో తినే పుల్లలు, ఆకలి మొహం.

"మా ఆయన బాబూ" అంది. "చనిపోయాడు. యాభై రోజులైంది."